తాళం పెట్టెల రివ్యూ: ఏ పెట్టె ఎవరి చేతిని ఆపుతుంది?

మా ఇంట్లో ఇప్పుడు ఏడు రకాల తాళం పెట్టెలున్నాయి. గోడకి బిగించిన తాళంచెవుల పెట్టె, మందుల పెట్టె, నంబరు నొక్కితే తెరుచుకునే చిన్న ఇనప్పెట్టె, చిల్లర డబ్బుల రేకు పెట్టె, కాగితాల కోసం నిప్పుకి తట్టుకునే పెట్టె, ప్రయాణాల్లో పట్టుకెళ్ళే వైరు పెట్టె, ఫోన్ దాచే టైమర్ డబ్బా. అవసరం వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ చేరింది. ఏది పనికొచ్చింది, ఏది డబ్బు దండగ అన్నది వాడిన మనిషిగా రాస్తున్నాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే పెట్టెని నాలుగు పేర్లతో అమ్ముతుంటారు కాబట్టి, పేరు కన్నా లోపల ఏముందో తెలిస్తేనే ఉపయోగం.

నేను ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని చేస్తాను. నేను చూసినవాటిలో అన్నిటికన్నా మంచి తాళం పెట్టె మా పనిచోటే ఉంది. అందులో విలువైన వస్తువు ఒక్కటీ ఉండదు.

పెద్ద మెషిన్‌ని రిపేరుకి ఆపినప్పుడు దానికి కరెంటు, గాలి, హైడ్రాలిక్ ప్రెషర్ వచ్చే పాయింట్లన్నీ మూసి, ఒక్కోదానికీ తాళం వేస్తాం. ఆ తాళంచెవులన్నీ ఒక ఎర్ర డబ్బాలో పడేసి మూస్తాం. డబ్బా మూతకి వరసగా కన్నాలుంటాయి. ఆ మెషిన్ మీద చెయ్యి పెట్టే ప్రతి మనిషీ తన సొంత తాళం ఒక కన్నానికి వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు. పని అయిపోయినవాడు తన తాళం తీసుకుని వెళ్ళిపోతాడు. ఆఖరి మనిషి తాళం తీసేదాకా డబ్బా తెరుచుకోదు. డబ్బా తెరుచుకోకపోతే స్విచ్ వెయ్యడానికి తాళంచెవి ఉండదు. ఫోర్‌మన్ అయినా, మేనేజర్ అయినా అంతే. దీన్ని లాకౌట్ ట్యాగౌట్ అంటారు, మేం లోటో అంటాం. అమెరికాలో పనివాళ్ళ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 1989లో తెచ్చిన 1910.147 నిబంధనలో ఈ పద్ధతి ఉంది. గుంపుగా పనిచేసినా ప్రతి ఒక్కరూ ఎవరి తాళం వాళ్ళే వెయ్యాలని అందులో స్పష్టంగా రాశారు.

ఆ డబ్బా రేకు చాలా పల్చన. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే మూత లేచొస్తుంది. అయినా అది చేసే పని అది బ్రహ్మాండంగా చేస్తుంది. ఎందుకంటే దాని పని దొంగని ఆపడం కాదు. లోపల మనిషి ఉన్నాడని తెలియక స్విచ్ మీద చెయ్యి వేసే తోటి పనివాణ్ణి ఆపడం. ఆ చెయ్యి ఒక్క నిమిషం ఆగితే చాలు, ఎవరి తాళం ఇంకా ఉందో కనిపిస్తుంది.

ఇంటికి పెట్టె కొనేటప్పుడు కూడా నేను ముందు అడిగే ప్రశ్న ఇదే. ఎవరి చెయ్యి ఆగాలి, ఎంతసేపు ఆగాలి? అది తేలకుండా షాపులో రేకు మందం కొలుచుకుంటూ కూర్చుంటే, పిల్లల చేతికి అందకూడని మాత్రల కోసం ఇరవై కిలోల ఇనప్పెట్టె, ఇంటి పత్రాల కోసం ప్లాస్టిక్ డబ్బా కొనుక్కొస్తాం.

గోడ పెట్టెతో మొదలుపెడతాను. అన్నిటికన్నా ఎక్కువ వాడేది అదే.

తుంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ గబుక్కున లేచి తలుపు తియ్యలేదు. పగలు చూసుకోవడానికి ఒకావిడ వస్తారు. ఆవిడ రాకపోతే వాళ్ళ ఏజెన్సీ ఇంకొకరిని పంపుతుంది. వచ్చినవాళ్ళందరికీ తాళంచెవి కాపీలు చేయించి ఇస్తే, మనిషి మానేసినప్పుడల్లా తలుపు తాళమే మార్చుకోవాలి. పెట్టె ఉంటే నంబరు మారిస్తే సరిపోతుంది. ఇక్కడ పెట్టె ఆపాల్సింది రేపటి నుంచి రాని మనిషి చేతిని.

ఈ పెట్టెల్లో రెండు రకాలు ప్రధానం. ఒకటి చక్రాలది, నాలుగు చక్రాలు తిప్పి నంబరు కలపాలి. రెండోది బటన్లది. రెండూ బ్యాటరీ అవసరం లేనివే. చక్రాల దాంట్లో నాలుగు అంకెలకి 0000 నుంచి 9999 దాకా 10,000 నంబర్లు వస్తాయి. బటన్ల పెట్టె చూడ్డానికి ఇంకా గట్టిగా కనిపిస్తుంది కానీ అసలు సంగతి తలుపు వెనక ఉంది. చాలా మోడళ్ళలో ఒక్కో బటన్ వెనక ఒక్కో చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని అటు తిప్పితే ఆ బటన్ కోడ్‌లో ఉన్నట్టు, ఇటు తిప్పితే లేనట్టు. అంతే. ఏది ముందు నొక్కాం, ఏది తర్వాత నొక్కాం అన్నది ఆ మెకానిజానికి తెలీదు. 2, 5, 7, 9 కోడ్ అయితే 9, 2, 7, 5 అని నొక్కినా తెరుచుకుంటుంది. పది బటన్లలో నాలుగు ఎంచుకునే పద్ధతులు 210 మాత్రమే. ఎన్ని బటన్లైనా వాడుకోవచ్చు అనుకున్నా మొత్తం 1,024 దాటవు. అట్ట మీద మాత్రం వేల నంబర్లు వస్తాయన్నంత గొప్పగా రాసుంటుంది.

దీనికి ఇంకో తోక కూడా ఉంది. రోజూ నొక్కే బటన్లు అరుగుతాయి, మెరుస్తాయి. వరస లెక్కలోకి వచ్చే తాళమైతే, అరిగిన నాలుగు బటన్లు తెలిసినా వాటిని 24 రకాలుగా నొక్కి చూడాలి. వరస అక్కర్లేని తాళమైతే ఇక చూడాల్సిందేమీ లేదు, మెరిసేవి నాలుగూ నొక్కడమే.

అయినా నేను బటన్ల పెట్టే ఉంచుకున్నాను. చలికాలం తెల్లవారుజామున చీకట్లో వచ్చే ఆవిడ టార్చి లేకుండా తడిమి నొక్కుతుంది, చక్రాల మీద అంకెలు కళ్ళజోడు ఉన్నా సరిగ్గా కనపడవు. పైగా చక్రాలతో ఇంకో తలనొప్పి ఉంది. తీసి మూశాక చక్రాలు చెదరగొట్టాలి. జనం ఏం చేస్తారంటే, ఆఖరి చక్రాన్ని ఒక్క అంకె జరిపి ఊరుకుంటారు. 4816 కోడ్ అయితే పెట్టె మీద 4817 కనిపిస్తుంటుంది. బటన్ల పెట్టెకి ఆ బెడద లేదు, తలుపు మూసి క్లియర్ మీట నొక్కితే అయిపోయింది. ఉన్న లోపానికి నేను పెట్టుకున్న మందు ఏమిటంటే, కోడ్‌లో నాలుగు కాదు, ఆరు బటన్లు వాడతాను. మనిషి మారినా మారకపోయినా అప్పుడప్పుడూ మార్చేస్తాను. మార్చిన ప్రతిసారీ తలుపు తెరిచే ఉంచి కోడ్ నొక్కి, తాళం నాలుక లోపలికి వెళ్తోందో లేదో చూసి అప్పుడు మూస్తాను. మూసేశాక తెలిస్తే గోడ బద్దలు కొట్టడం తప్ప దారి లేదు.

బిగించడం గురించి రెండు మాటలు. గోడ పెట్టె బలమంతా స్క్రూల్లో ఉంటుంది. ఇటుక మధ్యలో కన్నం వెయ్యాలి, రెండు ఇటుకల నడుమ సిమెంటు గీత మీద కాదు. పెట్టెతో ఇచ్చే ప్లాస్టిక్ ప్లగ్గులు నేను వాడలేదు, విడిగా యాంకర్ బోల్టులు తెచ్చుకున్నాను. స్క్రూ తలలు పెట్టె లోపల ఉండేలా చూసుకోండి, అంటే తెరిస్తే తప్ప విప్పలేనట్టు. గేటుకో పైపుకో కొక్కెంతో వేలాడదీసే రకం కూడా దొరుకుతుంది. ఇల్లు అద్దెకి చూపించేవాళ్ళకి అది సుఖమే, నాలుగు రోజులు పెట్టి తీసేస్తారు కాబట్టి. ఇంటికి పెట్టుకుంటే మాత్రం, కొక్కెం కోసినవాడు పెట్టెని ఇంటికి పట్టుకెళ్ళి తీరిగ్గా తెరుచుకుంటాడు. వాన తగిలే చోట రబ్బరు తొడుగు తప్పనిసరి. బిగుసుకుంటే నూనె పొయ్యకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు. పెట్టె వీధిలోకి కనిపించకూడదు. మాది పక్క సందువైపు గోడకి ఉంది.

మందుల పెట్టె దగ్గర ఇంట్లో పెద్ద గొడవే అయింది.

ఆపరేషన్ తర్వాత అమ్మకి గట్టి నొప్పి మాత్రలు రాశారు. నిద్రమాత్రలు అంతకుముందు నుంచే ఉన్నాయి. మా చెల్లెలి కూతురికి మూడేళ్ళు, వచ్చిందంటే అమ్మ మంచమే దాని ఆటస్థలం. సీసా మూతకి పిల్లలు తియ్యలేని బిగింపు ఉంది కదా అని మా చెల్లెలి వాదన. ఆ బిగింపుకి అమెరికాలో ఉన్న పరీక్ష ఏమిటో చెబితే కంగారుపడింది. అయిదేళ్ళలోపు పిల్లల చేతికి సీసా ఇస్తారు. మొదటి అయిదు నిమిషాల్లో నూటికి 85 మంది తియ్యలేకపోవాలి. తర్వాత ఎలా తియ్యాలో చేసి చూపించి, ఇంకో అయిదు నిమిషాలిస్తారు. మొత్తం మీద 80 మంది తియ్యలేకపోతే పాస్. అంటే నూటికి ఇరవై మంది పిల్లలు తీసేసినా ఆ మూత పాసైనట్టే. అది మూత తప్పు కాదు. పిల్లల చేతుల్ని కాస్త ఆలస్యం చెయ్యడానికి పెట్టిన మూత అది, మనం వచ్చేలోపు. మనం పక్కగదిలో ఫోన్ మాట్లాడుతుంటే ఆ ఆలస్యం ఏ మూలకి?

సరే, పెట్టె తెచ్చాను. అమ్మ చూసి, "ఏరా, నా మందులకే తాళం వేస్తావా? నేనేం దొంగనా?" అంది. ఆ మాట న్యాయమే. అందుకని నంబరు ఆవిణ్ణే పెట్టుకోమన్నాను. పెట్టుకుంది. మాకు కూడా తెలుసు, పగలు వచ్చే ఆవిడకి తెలీదు. ఆ రోజుకి కావలసిన మాత్రలు పూటల వారీ గళ్ళున్న చిన్న డబ్బాలో వేసి బయట ఉంచుతాం, పాప వచ్చిన రోజు అదీ పైకెక్కుతుంది. మిగతా స్టాకంతా లోపల.

నంబరు ఆవిడకే తెలిస్తే ఇక తాళమెందుకు అని మా ఆవిడ అడిగింది. రాత్రి సగం నిద్రలో, వేసుకున్నానో లేదో గుర్తురాక ఇంకో మాత్ర వేసుకోవడం ఉంది చూశారూ, అసలు ప్రమాదం అది. చక్రాల పెట్టె తెరవాలంటే లైటు వెయ్యాలి, కళ్ళజోడు పెట్టుకోవాలి, మూడు అంకెలు కలపాలి. ఈలోపు మనిషి పూర్తిగా మేలుకుంటుంది. గళ్ళ డబ్బా చూసి, రాత్రి పూట గడి ఖాళీగా ఉందని గమనిస్తుంది. మా ఎర్ర డబ్బా చేసే పనే ఇది. గోడ మీద పనికిరాని చక్రాలు ఇక్కడ సరిగ్గా కుదిరాయి.

మందుల పెట్టె కొనేవాళ్ళు పారదర్శకమైనది తీసుకోకండి. లోపల రంగు రంగుల మాత్రలు కనిపిస్తుంటే పిల్లలు ఊపి చప్పుడు చేసి మరీ ఆడుకుంటారు. ఒక్క ఫ్రిజ్‌లో పెట్టేదానికి మాత్రం సందులున్న తీగ పెట్టె కావాలి, చల్లగాలి ఆడాలి కదా. ఇన్సులిన్ లాంటివి దాంట్లో. ఇన్‌హేలర్, అలర్జీకి అప్పటికప్పుడు పొడుచుకునే ఇంజెక్షన్, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర, వీటికి తాళం వెయ్యకూడదు. ఊపిరాడని మనిషి అంకెలు కలపలేడు. వాటిని పిల్లలకి అందని ఎత్తులో, పెద్దలందరికీ తెలిసిన చోట పెట్టుకోవడమే.

ఇక నంబరు నొక్కే ఇనప్పెట్టె. అందరూ తాళం పెట్టె అనగానే అనుకునేది ఇదే. దీని మీద నాకు అంత గౌరవం లేదు.

దీని లోపల ఉండేది ఒక సోలినాయిడ్, నాకు రోజూ చేతిలో ఆడే వస్తువే. తీగచుట్టలో ఒక పిన్ను, దాని వెనక ఒక స్ప్రింగు. నంబరు సరిపోతే చుట్టలోకి కరెంటు వెళ్ళి పిన్ను వెనక్కి లాగుతుంది, అప్పుడు నాబ్ తిరుగుతుంది. చవక పెట్టెల్లో ఆ స్ప్రింగు చాలా బలహీనంగా ఉంటుంది. పెట్టె పైన గట్టిగా ఒక్కటిస్తే పిన్ను తనంతట తానే ఎగిరి పడుతుంది. సరిగ్గా ఆ క్షణానికి నాబ్ తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. కొనేముందు షాపులోనే మూసి, పైన అరచేత్తో కొడుతూ నాబ్ తిప్పి చూశాను. మొదట చూపించిన పెట్టె తెరుచుకుంది. అమ్మే కుర్రాడు అటూ ఇటూ చూసి, "అన్నా, ఇంకోటి చూపిస్తాను" అని దాన్ని లోపలికి తీసుకెళ్ళాడు. ఆ ఇంకోటే కొన్నాను. దాంట్లో సోలినాయిడ్ బదులు చిన్న మోటారు గడియని తిప్పుతుంది. కొడితే కదలదు. ధర ఎక్కువే, కానీ నంబరు పెట్టె కొనాలనుకుంటే ఆ తేడాకే డబ్బు పెట్టండి. మెరిసే డిస్‌ప్లేకి కాదు.

వెనకాల, అడుగున బోల్టుల కోసం కన్నాలుంటాయి. చాలామంది బిగించకుండా బీరువాలో బట్టల కింద పెట్టేస్తారు. పది కిలోల పెట్టె బిగించకపోతే అది పెట్టె కాదు, దొంగకి మనం సర్ది ఇచ్చిన సూట్‌కేసు. ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని మోడళ్ళలో నంబరు మార్చే రీసెట్ బటన్ తలుపు లోపలి వైపు ఉంటుంది. బిగించని కన్నంలోంచి సన్నటి తీగ పంపించి దాన్ని నొక్కేయొచ్చు. బోల్టు పడితే ఆ కన్నం మూసుకుపోతుంది. కాంక్రీటు నేలకో గోడకో బిగించండి. జిప్సమ్ బోర్డు గోడకైతే వెనకున్న చట్రం దొరికే దాకా వెతకాలి, లేకపోతే పెట్టెతో పాటు బోర్డు ముక్క కూడా ఊడొస్తుంది.

ముందు ప్లేటు కింద అత్యవసరానికి తాళంచెవి కన్నం ఉంటుంది. బ్యాటరీ అయిపోతే దాంతో తీసుకోవాలి. ఆ తాళంచెవిని పెట్టెలోనే పెట్టి మూసేసే మహానుభావులు నాకు కనీసం ఇద్దరు తెలుసు. ఇద్దరిదీ నేనే డ్రిల్లు చేసి తీశాను. కొన్నిటికి బయటే రెండు లోహపు బొడిపెలుంటాయి, 9 వోల్టుల బ్యాటరీ ఆనించి పట్టుకుంటే ఆ కాసేపటికి కరెంటు అందుతుంది. మాది డబుల్ ఏ సెల్స్ నాలుగు వేసే రకం. ఆల్కలైన్ సెల్స్ ఏళ్ళ తరబడి వదిలేస్తే కారి స్ప్రింగుల్ని తినేస్తాయి కాబట్టి, ఎర్ర లైటు వెలిగేదాకా ఆగకుండా మార్చేస్తుంటాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నంబరు మార్చామని సంబరపడేవాళ్ళు, దానితో పాటు వేరే మాస్టర్ కోడ్ ఉందేమో కూడా చూసుకోవాలి. హోటల్ గదుల్లో పెట్టే రకానికి ఉంటుంది. అది అన్నీ సున్నాలుగా అలాగే ఉండిపోతే, మన నంబరు ఎంత తెలివైనదైనా లాభం లేదు.

ఈ పెట్టె ఎవరి చేతిని ఆపుతుంది? పైప్పని, రంగుల పని అని ఇంట్లోకి వచ్చి పోయేవాళ్ళలో ఎవరికైనా బుద్ధి పుడితే, ఆ ఒక్క నిమిషాన్ని ఆపుతుంది. రాడ్డు పట్టుకుని, సమయం చూసుకుని వచ్చినవాడిని ఆపదు. అలాంటివాడి కోసమైతే పరీక్ష పాసైన సేఫ్ కావాలి. యూరప్ ప్రమాణాల్లో ఈఎన్ 14450 చిన్న స్థాయి క్యాబినెట్లకి, ఈఎన్ 1143-1 అసలైన సేఫ్‌లకి. ఆ ముద్ర లేని పెట్టె మీద హై సెక్యూరిటీ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది రంగు ఖర్చే. ఇంట్లో ఉంచక్కర్లేని నగలు బ్యాంకు లాకర్‌లోనే ఉన్నాయి మావి.

చిల్లర డబ్బుల రేకు పెట్టె గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మా ఆవిడ కుట్టుపని చేస్తుంది, రోజువారీ డబ్బు అందులో. చిన్న తాళం, చిన్న తాళంచెవి. ఈ రకం పెట్టెలకి తాళంచెవుల నమూనాలు కొన్నే ఉంటాయి కాబట్టి పక్కింటివాళ్ళ పెట్టె తాళంచెవితో మనది తెరుచుకున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. తాళం ముఖం మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది, ఆ నంబరు చెబితే కొత్త తాళంచెవి వచ్చేస్తుంది. పారేసుకున్నప్పుడు అది వరం, కాబట్టి నంబరు రాసుకుని వేరే చోట ఉంచుకోండి, ఫొటో తీసి ఎక్కడా పెట్టకండి. ఇది ఆపేది మన చేతినే. పాల డబ్బుకి, ఆటో డబ్బుకి చెయ్యి పెట్టబోతే, తాళంచెవి కోసం వెతికేలోపు మా ఆవిడ "ఎంత తీస్తున్నారు?" అంటుంది. లెక్క తప్పడం మానేసింది. ఇచ్చిన డబ్బుకి న్యాయం చేసిన పెట్టె.

నిప్పు పెట్టె సంగతి వేరు. దీనికి మనుషులతో పనిలేదు.

నేను ఇంటి పత్రాలు, సర్టిఫికెట్లు, బీమా కాగితాలు దీంట్లో పెట్టాను. కొనేటప్పుడు చూడాల్సింది రేకు కాదు, పరీక్ష. యూఎల్ 72 అనే అమెరికా ప్రమాణంలో క్లాస్ 350 అని ఉంటుంది. 350 అంటే ఫారన్‌హీట్, అంటే దాదాపు 177 డిగ్రీల సెల్సియస్. కొలిమిలో పెట్టి బయట అరగంటలో 843 డిగ్రీల దాకా, గంట రేటింగ్ అయితే 927 డిగ్రీల దాకా వేడి పెంచుతారు. అంతసేపూ లోపల 177 దాటకూడదు. కాగితం మాడి నల్లబడడానికి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి కాబట్టి బతుకుతుంది. పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్ బతకవు. వాటికి క్లాస్ 125 కావాలి, లోపల 52 డిగ్రీలు, తేమ 80 శాతం దాటకూడదని లెక్క. కాగితాల పెట్టెలో పెళ్ళి వీడియోల హార్డ్ డిస్క్ పెట్టి నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఒకసారి అట్ట తిప్పి చదవండి. ఏ రేటింగూ రాయకుండా ఫైర్‌ప్రూఫ్ అని మాత్రమే రాసిన సంచుల్ని నేను ముట్టుకోలేదు.

దీనికి రోజువారీ బాధ ఒకటుంది, అమ్మేవాళ్ళు చెప్పరు. గోడల మధ్య నింపిన పదార్థంలో నీరు పట్టి ఉంటుంది. మంటల్లో ఆ నీరు ఆవిరై వేడిని తీసుకుపోతుంది కాబట్టే లోపల చల్లగా ఉంటుంది. మామూలు రోజుల్లో అదే తేమ మెల్లగా లోపలికి చేరుతుంది. మూత గట్టిగా మూసుకునే పెట్టె కాబట్టి బయటికి పోదు. కాగితాలు మెత్తబడతాయి, ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్టాంపుల జిగురు పట్టుకుంటుంది. నేను కాగితాలన్నీ జిప్ కవర్లలో పెట్టి, సిలికా జెల్ ప్యాకెట్లు వేసి, సెలవు రోజు ఎప్పుడైనా కాసేపు తెరిచి ఉంచుతాను. మందులు, చేతిగడియారాలు, కెమెరా లెన్సులు ఇందులో వద్దే వద్దు. తాళం మాత్రం నామకార్థం. బయట రేకు పల్చన, లోపలంతా సుద్దలాంటి పదార్థం, సుత్తి దెబ్బకి పగులుతుంది. అందుకే చాలామంది చేసినట్టు నగలు కూడా ఇందులోనే సర్దెయ్యడం నాకు నచ్చదు. కాగితాలకి తాళం కూడా వెయ్యను నేను. దొంగ వాటి కోసం పెట్టె ఎత్తుకుపోతే పత్రాలన్నీ మళ్ళీ తెచ్చుకోవాలి. తెరిచి చూసి పనికిరావని వదిలేసి పోతే అంతకన్నా కావలసిందేముంది?

ప్రయాణాల వైరు పెట్టె తేలికైన ప్లాస్టిక్ డబ్బా, ఉక్కు వైరుతో గదిలో పైపుకో మంచం చట్రానికో కట్టెయ్యాలి. మూడు చక్రాలు, 1,000 నంబర్లు. ఒక్కో నంబరుకి రెండు సెకన్లు వేసుకుంటే అన్నీ ప్రయత్నించడానికి అరగంట పైన పడుతుంది. నాలుగు చక్రాలైతే అయిదున్నర గంటలు. అందుకే నాలుగుది కొనుక్కోమంటాను. డార్మిటరీలో, నదిలో స్నానానికి దిగేటప్పుడు, ఆసుపత్రిలో తోడుగా ఉన్నప్పుడు ఫోను, పర్సు వేసి కట్టడానికి పనికొచ్చింది. వైరు కట్టర్‌కి ఆగదు. కానీ అలాంటి చోట్ల పోయేవి కట్టర్‌తో కాదు, పోతూ పోతూ చేతికి అందినవే. ఎండలో కారులో మాత్రం వదలకండి, మూత వంకర తిరుగుతుంది.

ఏడోది టైమర్ డబ్బా. మా అబ్బాయి పరీక్షల కోసం వాడే అడిగి కొనిపించుకున్నాడు. ఫోన్ వేసి రెండు గంటలు పెడితే రెండు గంటల దాకా మూత రాదు, మధ్యలో మనసు మార్చుకోవడానికి బటన్ లేదు. ప్లాస్టిక్కే, బలంగా లాగితే విరుగుతుంది. విరగ్గొడితే ఎందుకు విరిగిందో అందరికీ తెలుస్తుందన్న సిగ్గే దాని అసలు తాళం. ఫోన్ మోగితే ఎత్తడానికి వీలుగా చిన్న సందున్న మోడల్ కూడా ఉంది. అది తీసుకోవద్దు, వాడు ఆ సందులోంచి చూపుడువేలితో రీల్స్ జరపడం నేర్చాడు. సందు లేనిది మార్చుకొచ్చాం. వాడు చదువుతున్నంతసేపూ ఇప్పుడు మా ఆవిడ ఫోన్ కూడా దాంట్లోనే ఉంటోంది, ఆవిడే వేస్తోంది.

వేలిముద్ర పెట్టె తెచ్చి వెనక్కి ఇచ్చేశాను. మాలాంటి పని చేసేవాళ్ళకి వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఉంటాయి, గ్రీజు, సిమెంటు, రాపిడి. నా బొటనవేలు ఒకసారి పడుతుంది, నాలుగుసార్లు పడదు. అమ్మది అసలు నమోదే కాలేదు, వయసుతో చర్మం పొడిబారింది. మా అబ్బాయిది మాత్రం తగలగానే తెరుచుకుంది. ఆ పెట్టె కొన్నదే వాడి చెయ్యి ఆగడం కోసం.